బ్రేకు నొక్కే మనిషి

మా బావగారికి తెలియనిదంటూ ఈ లోకంలో ఏదీ లేదు. నా మాట నమ్మక్కర్లేదు, ఆయన్నే అడగండి. అడగకపోయినా ఆయనే చెబుతారు. కుళాయి కారితే ఎందుకో ఆయనకి తెలుసు, గోడ బీటలిస్తే ఎందుకో ఆయనకి తెలుసు, పక్కింటి పిల్లకి జ్వరం ఎందుకు తగ్గడం లేదో డాక్టరు కంటే ముందే ఆయనకి తెలుసు. అలా తెలిసిన పనిని ఆయన చేసి పెట్టాక, దాన్ని మళ్ళీ బాగుచేయడానికి ఇంకో మనిషిని పిలవాలి. ఆ మనిషి వచ్చి బాగుచేస్తుంటే పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "నేను చెప్పింది అదే కదా" అంటారు.

ఆ రోజు నా బతుకు అలాంటి మనిషి చేతిలో పడింది.

మా ఇంట్లో ఒక పికప్ ట్రక్కు ఉంది. అన్నదమ్ములిద్దరిదీ. ఇన్నాళ్ళూ బావగారే నడిపేవారు. నడపడమంటే, తొమ్మిదింటికి నిద్ర లేచి, పదకొండింటిదాకా బండి తుడిచి, ఎవరైనా ఇల్లు మారుతూ సామాను కోసం బతిమాలితే వెళ్ళి రావడం. మా ఆయనకి డ్రైవింగ్ రాదు. ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో పుస్తకాలు కుట్టే చోట పనిచేస్తారు. నేను నేర్చుకున్నాను. రెండుసార్లు తప్పి మూడోసారి లైసెన్సు తెచ్చుకున్నాను. ఆస్పత్రి బట్టలు ఉతికే పెద్ద లాండ్రీకి బండి కావాలట అని తెలిస్తే, వెళ్ళి అడిగి వచ్చింది కూడా నేనే. ఆస్పత్రి నుంచి మాసిన దుప్పట్లు, ఆపరేషన్ గదుల గుడ్డలు తేవడం, ఉతికినవి తిరిగి చేర్చడం. రోజుకి రెండు ట్రిప్పులు, మొదటిది తెల్లవారుజామున ఐదింటికి.

తెల్లవారుజాము ఐదు అనే సమయం ఒకటి ఉందని బావగారు వినడమే కానీ కళ్ళారా చూసింది లేదు. అందుకే ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు, పెద్ద మనసు చేసుకుని, "సరే, లాండ్రీవాళ్ళు ఒప్పుకుంటే అమ్మాయినే నడపనియ్యండి" అన్నారు. ఆ ఒక్క మాట కోసం నేను రెండేళ్ళు ఎదురుచూశాను. ఆ సీటు నాకు కావాలి. ఇంట్లో నేను ఏ మూల కూర్చున్నా ఎవరికో ఏదో కనిపించదు, వెతికి ఇమ్మని కేకేస్తారు. స్టీరింగు పట్టుకున్నప్పుడు మాత్రం నన్ను ఎవరూ ఏదీ వెతకమనరు. అప్పుడు నాకు నేను ఒక మనిషిలా అనిపిస్తాను. అంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

సాయంత్రం నాలుగింటికి బండినీ డ్రైవర్నీ కలిపి చూస్తానంది లాండ్రీ సూపర్‌వైజర్. బ్రేకులు, టైర్లు, లైట్లు అన్నీ సరిగ్గా ఉండాలి. నాలుగు దాటితే లిస్టులో తరవాతి బండికి అవకాశం.

ఇక మా బావగారు ఊరుకుంటారా? "ఆస్పత్రి పని అంటే శుభ్రత చూస్తారు" అని మూడు రోజులు కష్టపడి బండి వెనక భాగమంతా తెల్ల రంగు వేశారు. లైట్లు విప్పి, కింద, పైన, లోపల, బోల్టుల మీద, బోల్టుల కన్నాల్లో, ఎక్కడ ఇనుము కనిపిస్తే అక్కడ రెండు పూతలు దట్టంగా పూసి, లైట్లు మళ్ళీ బిగించారు. వీధిలో వెళ్ళేవాళ్ళని ఆపి మరీ చూపించారు. నిజం చెప్పాలంటే బండి బాగానే ఉంది, పెళ్ళికూతురిలా తయారైంది. పెళ్ళికూతురికి చూపే లేదని ఆ రోజు పొద్దున తెలిసింది.

పది గంటలకి ఒకసారి లైట్లన్నీ చూద్దామని నేనే అన్నాను. నన్ను సీటులో కూర్చోబెట్టి అన్నదమ్ములిద్దరూ వెనక నిలబడ్డారు.

"నొక్కు!" అన్నారు బావగారు.

నొక్కాను.

"నొక్కమంటే నొక్కవేం?"

"నొక్కాను బావగారూ."

తరవాత మా ఆయన వచ్చి చెప్పారు. ఎడమ పక్క లైటు చక్కగా ఉంది. కుడి పక్కదానికి పిచ్చెక్కింది. బ్రేకు నొక్కితే వెలగాల్సింది వెలగకపోగా, వెలుగుతున్న టెయిల్ లైటు కూడా ఆరిపోతోంది, సంబంధం లేని ఇండికేటర్ గుడ్డిగా మిణుకుమంటోంది. ఇండికేటర్ వేస్తే ఆ పక్కనున్న లైట్లన్నీ కలిసి కొట్టుకుంటున్నాయి.

"బల్బు పోయింది" అన్నారు బావగారు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

బల్బు మార్చారు. నొక్కు, వదులు, నొక్కు, వదులు. అదే తంతు. కొత్త బల్బు కూడా పోయినదే అన్నారు. ఇంకోటి మార్చారు. అదీ పోయినదే. ఆ షాపువాడు దొంగ అని తేల్చి, ఎడమ వైపు వెలుగుతున్న బల్బు పీకి కుడి వైపు పెట్టారు, కుడి వైపుది ఎడమకి పెట్టారు. ఇప్పుడు 'పోయిన' బల్బు ఎడమ వైపు దివ్యంగా వెలుగుతోంది, 'మంచి' బల్బు కుడి వైపు ఆరిపోతోంది. బుర్ర ఉన్న ఎవరికైనా అక్కడితో బల్బు సంగతి తేలిపోవాలి. బావగారు మాత్రం గడ్డం నిమురుకుని, "రెండూ వీకే" అన్నారు.

ఆ తరవాత ఫ్యూజు. మంచి ఫ్యూజు తీసేసి దానికంటే లావుది పెట్టారు, కరెంటు ఎక్కువ వస్తుందని. ఆ తరవాత బ్రేకు పెడల్ దగ్గరి స్విచ్చి. దాని కోసం నా కాళ్ళ దగ్గర తల దూర్చి, స్టీరింగుకి నెత్తి కొట్టుకుని, ఆ నొప్పిని కూడా నా మీదే వేశారు.

"అమ్మాయ్, నువ్వు గట్టిగా నొక్కట్లేదు. నీరసంగా నొక్కితే లైటు కూడా నీరసంగానే వెలుగుతుంది."

ఆ మాట విని కూడా నేను నవ్వలేదు. కావాలంటే మెచ్చుకోండి.

గంటన్నర నుంచి ఆ సీటులో కూర్చుని నేను చూస్తున్నది ఒకటుంది. బ్రేకు నొక్కినప్పుడల్లా నా ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద కుడి వైపు చూపించే పచ్చ బాణం మసగ్గా వెలుగుతోంది. నేను ఇండికేటర్ వెయ్యలేదు. బ్రేకు వదిలితే ఆరిపోతోంది. వెనక నిలబడినవాళ్ళకి అది కనిపించదు, సీటులో కూర్చున్నవాళ్ళకే కనిపిస్తుంది.

"బావగారూ, నేను బ్రేకు నొక్కితే ఇక్కడ ఇండికేటర్ బాణం వెలుగుతోంది."

"చెయ్యి తగిలి ఉంటుందిలే."

"చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాను."

"అయితే మోకాలు తగిలి ఉంటుంది. నేను చెప్పినప్పుడు నొక్కు చాలు."

మా ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూసి, కొంచెం ఓపిక పట్టు అన్నట్టు కనుబొమలు ఎగరేశారు. మా ఆయన మంచివారు. గొంతెత్తి మాట్లాడరు, అన్నం బాగాలేకపోయినా వంక పెట్టరు. అన్నగారి దగ్గర మాత్రం కాస్త తగ్గి ఉంటారు. తండ్రి లేని ఇంట్లో పెరిగారు కదా, పోనీలే అని నేనూ సర్దుకుపోయేదాన్ని.

పన్నెండు దాటాక రెండో మేధావి దిగాడు. మా వీధి చివర ఉండే రిటైర్డ్ లైన్‌మన్ పెద్దాయన. వీధిలో అందరూ ఆయన్ని హైటెన్షన్ అంటారు. ముప్ఫై ఐదేళ్ళు స్తంభాలెక్కాడు కాబట్టి కరెంటు తన మేనల్లుడన్నట్టు మాట్లాడతాడు. వస్తూనే రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. పన్నెండు వోల్టుల బ్యాటరీకి! ఆ బ్యాటరీ రెండు కొసలూ ఒట్టి చేతుల్తో పట్టుకున్నా చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

"ముందు లైన్ క్లియర్ ఇవ్వండి" అన్నాడు హైటెన్షన్, స్తంభమెక్కే ముందు కరెంటు ఆపించే అలవాటు కొద్దీ.

"ఇచ్చాం" అన్నారు బావగారు, అదేమిటో తెలియకపోయినా.

హైటెన్షన్ టెస్టు ల్యాంపు పెట్టి చూశాడు. దాని ఒక కొసని బ్యాటరీకి తగిలించుకుని, ఇంకో కొసతో కుడి లైటు దగ్గర వైరుని పొడిచాడు. టెస్టు ల్యాంపు భగ్గుమని వెలిగింది.

"సప్లై ఫుల్లుగా ఉంది. లైటే తీసుకోవట్లేదు" అన్నాడు.

అంతవరకు సరే. వచ్చే కరెంటు వస్తోంది, వైరు మంచిది, బల్బు మంచిది. మరి ఏం తక్కువైందో చిన్నపిల్లాడు కూడా అడుగుతాడు. వీళ్ళిద్దరూ అడగలేదు. లైటు మొత్తం, అద్దంతో సహా, కొత్తది వెయ్యాలని తీర్మానించారు. మధ్యలో బావగారు ఆ లైటుని అరచేత్తో రెండు దెబ్బలు కూడా వేశారు. దెబ్బ పడినప్పుడు అది ఒక్క క్షణం మామూలుగా వెలిగి ఆరిపోయింది.

"చూశావా, దారికొస్తోంది!" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ఆరేళ్ళు వైర్ల ఫ్యాక్టరీలో పనిచేశాను. ఫ్రిజ్‌లలో, వాషింగ్ మిషన్లలో ఉండే వైర్లని జడల్లా కట్టే చోటు. నల్ల వైరు కొసకి ఇత్తడి రింగు పెట్టి నొక్కడం నా బల్ల పని. రోజుకి రెండు వేల రింగులు. ఆ రింగు బోల్టు కింద ఒట్టి ఇనుముని తాకాలి, తాకకపోతే మిగతా జడంతా దండగ అని మా లైన్ లీడరు చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకునేది. ఈ ఆరేళ్ళ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కాకపోతే వాళ్ళ దృష్టిలో అది పూసలు గుచ్చడం లాంటిది.

"బావగారూ, నల్ల వైరు చూడండి" అన్నాను కిటికీలోంచి తల బయటపెట్టి. "ఎర్త్ వైరు. రంగు వేశారు కదా, బోల్టు కింద..."

"రంగుకీ కరెంటుకీ ఏమిటమ్మా సంబంధం?" అన్నారు బావగారు.

హైటెన్షన్ గట్టిగా నవ్వాడు. "ఎర్త్ అంటే భూమిలో పాతాలి తల్లీ. నడిచే బండికి ఎర్త్ ఎక్కడిది? కింద టైర్లున్నాయి కదా, రబ్బరు!"

ముప్ఫై ఐదేళ్ళు ఈయన చేతి కింద ఎన్ని వీధులు బతికి బయటపడ్డాయో తలుచుకుంటే భయం వేసింది.

రెండింటికి ముగ్గురూ స్పేర్ పార్ట్స్ షాపుకి బయలుదేరారు. పాత లైటు పట్టుకెళ్ళకుండా, ఏ మోడలో రాసుకోకుండా బయలుదేరారు. వెళ్తూ వెళ్తూ బావగారు వెనక్కి తిరిగి, "అమ్మాయ్, దేన్నీ ముట్టుకోకు" అన్నారు.

వాళ్ళు మలుపు తిరిగేదాకా సీటులోనే కూర్చున్నాను. తరవాత దిగాను.

మొదటి చిక్కు, బ్రేకు ఎవరు నొక్కుతారు? పెరట్లో పాత చీపురు కర్ర ఉంది. దాన్ని సీటుకీ పెడల్‌కీ మధ్య ఇరికించాను. చక్కగా నొక్కుకుని కూర్చుంది. పొద్దుట్నుంచి మూడు బుర్రలు కలిసి నాకిచ్చిన ఉద్యోగానికి చీపురు కర్ర చాలు. అది తిట్లు కూడా పడదు.

వెనక్కి వెళ్ళాను. కుడి లైటు విప్పాను. నల్ల వైరు లైటు నుంచి బయలుదేరి, ఒక జానెడు దూరంలో బండి ఒంటికి బిగించిన బోల్టు దగ్గర ఆగింది. బోల్టు తెల్లగా ఉంది. దాని కింద రింగు తెల్లగా ఉంది. రింగు కింద ఇనుము తెల్లగా, నున్నగా, రెండు పూతలతో ఉంది. మా బావగారి పనితనం. ఎడమ వైపు బోల్టు బిగించేటప్పుడు రంగు కాస్త గీరుకుపోయింది కాబట్టి అది బతికింది. కరెంటు వెళ్ళడానికి ఒక దారి, తిరిగి రావడానికి ఒక దారి కావాలి. బండిలో తిరుగుదారి బండి ఒంటి ఇనుమే. ఆ దారికి ఈయన రంగుతో తలుపేశారు. పాపం కరెంటు ఏం చేస్తుంది? పక్కనున్న ఇండికేటర్ బల్బులోంచి దూరి, దాని వైరు పట్టుకుని ముందుకి పరిగెత్తి, అక్కడెక్కడో బయటపడుతోంది. పోతూ పోతూ నా ఎదురుగా బాణం వెలిగిస్తోంది. గంటల తరబడి నాకు చెబుతూనే ఉంది.

అయినా ఊహ మీద పని చెయ్యకూడదు. ఒక వైరు ముక్క తీసుకుని, ఒక కొస నల్ల వైరు రింగుకి చుట్టి, ఇంకో కొస రంగు పడని చాసిస్ అంచుకి ఆనించాను. కుడి లైటు ఎర్రగా, నిండుగా వెలిగింది. వైరు తీశాను, ఆరిపోయింది. పెట్టాను, వెలిగింది. ఎవరూ లేరు కాబట్టి అక్కడ నేను చేసిన గంతు గురించి చెప్పను.

పది నంబరు స్పానరుతో బోల్టు తీసి, గరుకు కాగితంతో ఇనుము తళతళలాడేదాకా గీకుతుంటే మా ఆయన ఒక్కరే వెనక్కి వచ్చారు. షాపువాడు లైటు నంబరు అడిగాడట, అది చూసుకుని వెళ్ళడానికి. నన్ను చూసి ఆగిపోయారు.

"ఏం చేస్తున్నావ్?"

"కూర్చుని బ్రేకు నొక్కండి, చెబుతాను."

కర్ర తీసి పక్కన పెట్టి కూర్చున్నారు. నేను రింగు గీకి, బోల్టు మరలు గీకి, బిగించాను. తుప్పు పట్టకుండా పైన కాస్త గ్రీజు రాశాను.

"నొక్కండి!"

వెలిగింది.

"వదలండి! మళ్ళీ నొక్కండి! ఇండికేటర్ వెయ్యండి!"

అన్నీ దేని పని అది చేశాయి. ఆయన దిగి వెనక్కి వచ్చి, బోల్టు చూశారు, లైటు చూశారు, నన్ను చూశారు. "అరే, రంగే కదా అడ్డం! నువ్వు ఇందాకే చెప్పావు" అన్నారు. నా బుగ్గ మీది గ్రీజు మరకని బొటనవేలితో తుడిచారు. పొద్దుట్నుంచి పడ్డ చిరాకంతా ఆ ఒక్క తుడుపుతో పోయింది. లోకంలో మగాళ్ళంతా ఒక ఎత్తు, నా మొగుడొక్కడూ ఒక ఎత్తు అనుకున్నాను.

ఆయన అన్నగారికి ఫోన్ చేశారు. "లైటు వెలుగుతోంది అన్నయ్యా, వచ్చెయ్యండి" అన్నారు. ఎవరు వెలిగించారో చెప్పలేదు. ఫోన్లో ఎందుకులే, ఎదురుగా చెబుతారు అనుకున్నాను.

బావగారు వచ్చి, వెలుగుతున్న లైటు ముందు నిలబడి తల పంకించారు. "నేను ఇందాక కొట్టాను చూడు, ఆ దెబ్బకి లోపల సర్దుకుంది. కొంచెం టైం పడుతుంది అంతే." హైటెన్షన్ కూడా, "అవును, వేడి తగ్గాక లోడ్ తీసుకుంటుంది" అని తొడుగులు విప్పుకుని అన్నానికి వెళ్ళిపోయాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన బండి కడిగే గుడ్డ మడత పెడుతున్నారు. చాలా శ్రద్ధగా పెడుతున్నారు. వాదించడానికి టైం లేదు, మూడుంపావు అయింది. బండి తీశాను. పెద్దవాణ్ణి, నేను లేకపోతే ఎలా అంటూ బావగారు, ఆయన వెనకే మా ఆయన కూడా ఎక్కారు.

లాండ్రీ ఆవరణంతా ఆవిరి, సబ్బు వాసన. తెల్లటి మూటలు గోడ పొడవునా పేర్చి ఉన్నాయి. గేటు పక్కన అప్పటికే ఇంకో బండి ఆగి ఉంది, దాని డ్రైవరు ఆవలిస్తూ మా వైపే చూస్తున్నాడు. లిస్టులో మా తరవాతివాడు. సూపర్‌వైజర్ బక్కపలచటి మనిషి, జడముడిలో పెన్సిలు గుచ్చుకుని, చేతిలో అట్టతో వచ్చింది. టైర్లు చూసింది, బ్రేకు చూసింది, నన్ను సీటులో కూర్చోబెట్టి ముందుకీ వెనక్కీ నడిపించింది. లైట్లు ఒక్కొక్కటీ వేయించి అన్నిటికీ టిక్కు పెట్టింది. నేను దిగి ఆవిడ పక్కన నిలబడ్డాను.

"రంగు కొత్తగా ఉంది. లైట్లు విప్పి బిగించినట్టున్నారే, వైరింగు పని ఎవరు చూశారు?" అంది.

అడిగింది మా ఆయన వైపు చూసి. ఆవిడకి దగ్గరగా ఉన్నది ఆయనే.

"మా అన్నయ్య అండీ" అన్నారు మా ఆయన.

బావగారు వినయంగా ముందుకొచ్చారు. "పొద్దున కుడి వైపు కొంచెం ట్రబుల్ ఇచ్చిందండీ. సెట్ చేశాను."

"మంచిది" అంది సూపర్‌వైజర్, పెన్సిలు తీస్తూ. "అయితే డ్రైవరుగా మీ పేరే రాస్తాను. ఆపరేషన్ గుడ్డలు దారిలో ఆగిపోతే అక్కడ డాక్టర్లు చేతులు కడుక్కుని కూర్చోవాలి. బండి సంగతి తెలిసినవాళ్ళే నడపాలి. ఏమీ అనుకోకండమ్మా, మీరు బాగానే నడిపారు."

బావగారి ముఖం వెలిగిపోయింది. ఐదింటి సంగతి ఆ క్షణాన ఆయనకి గుర్తుందో లేదో. నేను మా ఆయన్నే చూస్తున్నాను. ఒక్క మాట చాలు. కాదండీ, మా ఆవిడ బాగుచేసింది, నా కళ్ళతో చూశాను. పెద్ద మాటేం కాదు. ఆయన నా వైపు చూశారు, అన్నగారి వైపు చూశారు, తరవాత తన చెప్పుల వైపు చూసుకున్నారు. పెన్సిలు అట్ట మీద ఆనింది.

"ఒక్క నిమిషం మేడం" అన్నాను.

స్పానరు తీసుకుని వెనక్కి వెళ్ళాను. లైటు విప్పాను. నేను గీకి బిగించిన బోల్టు నా చేత్తో నేనే విప్పాను. నల్ల వైరు రింగు పక్కకి తప్పించి, దాన్ని లైటు వెనక్కి నెట్టి, ఉత్త బోల్టు బిగించాను. నాలుక్కి ఇంకా పది నిమిషాలుంది. గేటు దగ్గరవాడు ఆవలింత ఆపేశాడు.

"బావగారూ, మళ్ళీ ట్రబుల్ ఇచ్చింది. సెట్ చెయ్యండి."

"ఇదేం పని!" అన్నారు బావగారు.

"ఆస్పత్రి దారిలో పాడైందనుకోండి" అన్నాను.

సూపర్‌వైజర్ నన్నొకసారి ఎగాదిగా చూసింది. తరవాత ఏమనుకుందో, అట్ట చంకలో పెట్టుకుని తనే సీటెక్కి కూర్చుంది. "కానివ్వండి, నేను నొక్కుతాను" అంది.

బావగారు బల్బు తీశారు. ఊదారు. పెట్టారు. లైటుని అరచేత్తో కొట్టారు. ఇంకాస్త గట్టిగా కొట్టారు. ఈసారి అది దారికి రాలేదు. "ఫ్యూజు" అన్నారు, ఎవరితోనో. "షాపువాడు" అన్నారు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ముందు నుంచి సూపర్‌వైజర్ గొంతు వినిపించింది.

"ఏమండీ, నేను బ్రేకు నొక్కితే ఇక్కడ ఇండికేటర్ బాణం వెలుగుతోందేమిటి?"

"మోకాలు తగిలి ఉంటుంది మేడం" అన్నారు బావగారు.

"నా మోకాలు ఎక్కడుందో నాకు తెలుసు" అంది ఆవిడ.

నేను ఆయన్ని పక్కకి జరగమని, నల్ల వైరు లాగి, రింగు దాని చోట పెట్టి, బోల్టు బిగించాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఎందుకు ఆరిందో, ఎందుకు వెలిగిందో, బాణం ఎందుకు వచ్చిందో ఆవిడకి వేలు పెట్టి చూపించాను. ఆవిడ వంగి చూసి, బోల్టు చుట్టూ తళతళలాడే ఇనుము మీద గోటితో గీసి చూసింది. తరవాత అట్ట తీసి నా పేరు అడిగి రాసుకుంది. గేటు దగ్గరి బండి వెళ్ళిపోయింది.

"ఇప్పుడే ఒక ట్రిప్పు ఉంది, వెళ్తారా?" అంది.

వెళ్తానన్నాను. ఇద్దరు మనుషులు మూటలు ఎక్కించడం మొదలుపెట్టారు. బావగారు గేటు దగ్గరికి పోయి అక్కడి వాచ్‌మన్‌కి గేటు బందులు ఎలా బిగించాలో చెబుతున్నారు. మా ఆయన నా పక్కకి వచ్చి నిలబడ్డారు.

"అన్నయ్యని నలుగురిలో అలా చిన్నబుచ్చకుండా ఉండాల్సింది" అన్నారు, మెల్లగా.

"నేను బోల్టు గీకుతుంటే మీరు చూశారు కదా?"

"చూశాను."

"బ్రేకు నొక్కింది మీరే కదా?"

ఆయన గేటు వైపు చూశారు. "అది కాదు. నువ్వైతే ఏమీ అనుకోవు కదా. అన్నయ్య అయితే బాధపడతాడు. అందుకని..."

నువ్వైతే ఏమీ అనుకోవు. పదమూడేళ్ళ కాపురంలో ఆయన నా గురించి తెలుసుకున్నది అది. పొద్దుట్నుంచి కనిపించినవాణ్ణల్లా మనసులో తీసిపారేస్తూ వచ్చాను, ఈ ఒక్క మనిషిని మాత్రం దాచుకున్నాను. ఎందుకు దాచుకున్నానా అని అప్పుడు సిగ్గు వేసింది.

మూటలు ఎక్కించడం అయిపోయింది. ఆయన అటు పక్క తలుపు మీద చెయ్యి వేశారు. "మీ అన్నయ్య ఒక్కరే అయిపోతారు, ఆయనతో బస్సులో వెళ్ళండి" అన్నాను. బండి స్టార్ట్ చేశాను.

రోడ్డెక్కాక బావగారి మీద కోపం ఎంత వెతికినా దొరకలేదు. ఆయనకి ఏమీ తెలియదు, తెలియదన్న సంగతి కూడా తెలియదు, అలాంటివాళ్ళని చూసి నవ్వుకుని బతికెయ్యొచ్చు. మా ఆయనకి అన్నీ తెలుసు. ట్రిప్పు అయ్యాక ఇంటికెళ్ళి ఆ మనిషికే అన్నం వడ్డించాలి.